ఏటేటా ఒక ధర్మసంత

(బద్వేలు ప్రాంతపు పంచాయతీ సభ్యులను ఉద్దేశించిన ప్రసంగపాఠము)



నేడు నేను మాటలాడవలసిన విషయము చూచుటకు చిన్నది. ఆపదలోనున్న వారికి ధనము కూర్చుటకై సంవత్సరమునకు ఒకసారి గ్రామమున ఒక బజారు నడుపుట ఎట్లు అన్నదే ఆ విషయము. పట్టణములలో దీనిని చారిటీ బజారు అనుచున్నారు. మనము ధర్మసంత అందుము. సంత మనకు క్రొత్త కాదు. ధర్మము అంతకంటెను క్రొత్త కాదు. ఈ రెంటిని ఒకచోట చేర్చి, లెక్క తప్పకుండ, పుచ్చుకొనువాని మనస్సు నొవ్వకుండ నడుపుటయందే మనము నేర్వవలసినది కొంత కలదు.

ఇట్టి ఆచారములు మన నడుమ ఇదివరకే కలవు. క్రైస్తవ సంఘములలో కోతపండుగనాడు విశ్వాసులు తమ చేలలో పండిన ధాన్యమును, గుమ్మడికాయలను, కోళ్ళను తెచ్చి సమర్పింతురు. వాటిని అక్కడనే వేలము వేసి, వచ్చిన సొమ్మును సంఘకార్యములకు వాడుదురు. రంజాను మాసమున ముస్లిం సోదరులు జకాతు, ఫిత్రాల పేరిట పేదలకు భాగము తీయుదురు. వినాయకుని లడ్డు వేలము నేడు అనేక గ్రామములలో జరుగుచున్నది. హైదరాబాదు చేరువనున్న బాలాపూర్‌లో ఈ వేలము 1994లో 450 రూపాయలతో మొదలైనది. 2024లో ఆ లడ్డు ధర 30 లక్షల రూపాయలు దాటినది. ఆ సొమ్మును గ్రామాభివృద్ధికి వినియోగించుట అచ్చటి వారి ఆనవాయితీ. మహిళా సంఘముల సభ్యులు తాము చేసిన వస్తువులను డ్వాక్రా బజారులలో అమ్ముకొనుటయు మీరు చూచియే యున్నారు. కావున వస్తువు తెచ్చువారు, కొనువారు, వేలము పాడువారు మనకు కొదువ లేరు. కొదువ ఉన్నదెల్ల వచ్చిన సొమ్ము ఎవరికి, ఎట్లు, ఎంత చేరినదో చెప్పు క్రమమునకే.

మొదట ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు ప్రభుత్వము పింఛను ఇచ్చుచున్నది. చౌక దుకాణమున బియ్యము ఇచ్చుచున్నది. వైద్యమునకు సహాయము చేయుచున్నది. ఇక ధర్మసంత ఎందులకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము మన సీమ చరిత్రలోనే దొరకును.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన కరవును మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనుచుండిరి. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు దానికి మిక్కిలి గురియైనవి. 1871 జనాభా లెక్కలతో పోల్చినచో 1881లో కడప జిల్లా జనసంఖ్య తగ్గిపోయినది. నాటి ప్రభుత్వము కరవు పనులు పెట్టి కూలి ఇచ్చినది; శిబిరములలో అన్నము పెట్టినది. ఆ కూలి చాలనిదని నాడే గట్టి విమర్శలు వచ్చినవి. 1877లో మద్రాసునుండి వెలువడిన విజ్ఞప్తి విని, లండను నగరాధ్యక్షుడు ఒక సహాయనిధి తెరచెను. మద్రాసున పత్రికా సంపాదకుడైన విలియం డిగ్బీ ఆ నిధి సంఘమునకు గౌరవ కార్యదర్శిగా పనిచేసెను. డెబ్బయి లక్షల రూపాయలకు మించిన ధనము వచ్చినది.

సభ్యులారా, ఆ ధనమును ఖర్చు చేసిన తీరు మనకు పాఠము. ప్రభుత్వము పెట్టు అన్నమునే మరల పెట్టుటకు దానిని వాడలేదు. ప్రభుత్వపు చేయి చేరని చోట్లను వెదకిరి. శిబిరమునకు వచ్చి వరుసలో నిలుచుటకు సిగ్గుపడి ఇంటిలోనే కృశించుచున్న కుటుంబములను వెదకిరి. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలను ఆదుకొనిరి. అన్నిటికంటె ఎక్కువగా, వాన కురిసిన పిమ్మట విత్తనము లేక, ఎద్దు లేక, ఇంటిపై కప్పు లేక నిలిచిన రైతును మరల నిలబెట్టుటకు ఆ ధనమును వెచ్చించిరి. ఆకలి తీర్చుట ఒక ఎత్తు. ఆకలి తీరిన మనిషి తన పని తాను చేసికొనునట్లు చేయుట మరియొక ఎత్తు.

నేటికిని ప్రశ్నలు అవియే. వైద్యము ఉచితముగా దొరకవచ్చును. కాని వారమునకు రెండు మూడు మారులు డయాలసిస్‌కు దూరపు ఆసుపత్రికి పోవు రోగికి, అతని వెంట పోవు భార్యకు బస్సు చార్జీలు ఎవరిత్తురు? ఆ దినములలో ఆమె పోగొట్టుకొను కూలి ఎవరిత్తురు? బోరులో నీరు పడక అప్పులపాలైన ఇంటి పిల్లకు కళాశాలలో సీటు వచ్చినది. హాస్టలు పెట్టె, పడక, మొదటి నెల ఖర్చు ఎట్లు? పింఛను కాగితములలో ఒక అక్షరము తప్పి నాలుగు నెలలు తిరుగుచున్న అవ్వకు ఆ నాలుగు నెలలు గడచుట ఎట్లు? వలసపోయిన కొడుకునకు పనిచోట కాలు విరిగెను. ఇంటికి తెచ్చుకొనుట ఎట్లు? ఇవి చిన్న మొత్తములే. రెండు వేలు, అయిదు వేలు. కాని అవి అందనప్పుడే మేక అమ్ముడగును, నగ కుదువకు పోవును, పిల్ల చదువు ఆగును. ఈ చిన్న సందులను పూడ్చుట గ్రామమువారి పని. ఎవరి ఇంట ఏ సందు ఉన్నదో గ్రామమువారికే తెలియును.

మరి చందా వసూలు చేసిన చాలదా అని మీరు అడుగవచ్చును. మన ప్రాంతమున 1952లో కరవు వచ్చినప్పుడు గంజి కేంద్రములు నడచినవి. సైనికులు వచ్చి బావులు లోతు చేసిరి. చలనచిత్ర నటుడు నందమూరి తారక రామారావు ఊరూర తిరిగి జోలె పట్టి రాయలసీమకు విరాళములు కూర్చెను. మహాత్మా గాంధి 1933, 1934 సంవత్సరములలో హరిజన నిధికై తొమ్మిది నెలలు దేశమంతట పర్యటించి సుమారు ఎనిమిది లక్షల రూపాయలు కూర్చెను. తనకిచ్చిన సన్మానపత్రములను, స్త్రీలు ఒలిచి ఇచ్చిన నగలను ఆ సభలోనే వేలము వేయుట ఆయన పద్ధతి. జోలె గొప్పదే. కాని జోలె పట్టుటకు అట్టి పేరుగలవారు కావలెను. కరవువంటి పెను ఆపదయు కావలెను. ఏటేటా వచ్చు చిన్న ఆపదలకు జోలె నిలువదు. మూడవ ఏట తలుపులు మూతపడును.

సంత అట్లు కాదు. సంతకు వచ్చినవాడు దానము చేయుటకు మాత్రమే రాడు. చింతపండు కొనుటకు, ఊరగాయ కొనుటకు, పిల్లలకు ఓళిగలు పెట్టించుటకు వచ్చును. ఇచ్చిన రూపాయకు ఒక వస్తువు చేతికి వచ్చును. పది రూపాయలు గలవాడును సంతలో కొనుగోలుదారే. అంతేకాదు, సహాయము పొందబోవు కుటుంబము కూడ అక్కడ ఒక బొంత కుట్టి తేవచ్చును, ఒక పూట వంట చేయవచ్చును, గంపలు మోయవచ్చును. అప్పుడు ఆ సొమ్ము వారికి భిక్షముగా రాదు. తాముకూడ నడిపిన సంతనుండి వచ్చును. ధర్మసంతకు అసలు విలువ ఇందే కలదని నా నమ్మకము.

ఇక దీనిని పాడుచేయు దోషములు చెప్పుదును. వీటిని చెప్పుటకు దూరపు గ్రంథములు అక్కరలేదు. మన పొరుగున పోరుమామిళ్ళ చెరువు కలదు. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని త్రవ్వించెను. 1369 నాటి శాసనము దాని కథ చెప్పుచున్నది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని. ఆ శాసనములో మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములతోపాటు, చెరువును చెరుపు ఆరు దోషములు చెక్కియున్నవి. గ్రామమున కూర్చిన నిధియు ఒక చెరువే. ఆ ఆరు దోషములును దీనికిని వర్తించును.

మొదటి దోషము కట్టనుండి నీరు ఊటగా కారుట. మన నిధికి ఇది ఖర్చుల రూపమున వచ్చును. పందిరికి ఇంత, మైకునకు ఇంత, పూలదండలకు ఇంత, శాలువలకు ఇంత అని తీయగా చివరకు మిగులునది స్వల్పము. ఉదాహరణకు సంతలో లక్ష రూపాయల అమ్మకము జరిగినదనుకొనుడు. అందులో వస్తువుల కొనుగోలుకు అరువది వేలు, ఏర్పాట్లకు ముప్పది వేలు పోయినచో ధర్మమునకు చేరినది పది వేలే. లక్ష వచ్చినదని చాటుట అసత్యము. కావున ఏర్పాట్ల ఖర్చునకు ముందే హద్దు గీయవలెను. పందిరి గుంజలు ఒకరు, కుర్చీలు ఒకరు, కరెంటు ఖర్చు ఒకరు భరించునట్లు ముందుగనే ఒప్పుకొన్నచో కట్ట కారదు.

రెండవ దోషము చవుడు నేల. చెడ్డ నేలలో నిలిచిన నీరు పైరునకు పనికిరాదు. బలవంతపు వసూళ్ళు అట్టివి. పంచాయతీలో పనియున్న గుత్తేదారు వద్ద, ధ్రువపత్రమునకు వచ్చిన రైతు వద్ద చీటీ చింపి చేతబెట్టుట ధర్మము కాదు. జూదపు ఆటలు పెట్టి సొమ్ము లాగుటయు అంతే. పేద కుమ్మరిని, మేదరిని ఉచితముగా కుండలు, బుట్టలు ఇమ్మనుట మరియు తప్పు. పేదల పేరిట పేదవాని కూలి తీసికొన్నట్లగును. వారి వెల వారికి ముందు చెల్లించి, అమ్మకమున వచ్చిన పైసొమ్మును మాత్రమే నిధిలో చేర్చవలెను.

మూడవ దోషము రెండు రాజ్యముల సరిహద్దున చెరువు ఉండుట. దీనిని నేను విడమరచి చెప్పనక్కరలేదు. మన గ్రామములలో రెండు పక్షములుండుట అరుదు కాదు. సంత ఒక పక్షమువారిదని పేరు పడిన దినమున రెండవ పక్షమువారు రారు. వారిలోని ఆపన్నులును రారు. బహిరంగ వేలము పంతములకు దారితీయు గ్రామములందు వేలమే వలదు. వస్తువుపై తన ధరను చీటీలో వ్రాసి పెట్టెలో వేయు పద్ధతి మేలు. సంఘములో ఇరుపక్షములవారును, అన్ని వాడలవారును, సగమునకు తక్కువ కాకుండ స్త్రీలును ఉండవలెను. సంత జరుగు తావు ఎవరి ఇంటి ముంగిట కాక, బడి ఆవరణ వంటి అందరి స్థలము కావలెను.

నాలుగవ దోషము చెరువు నడుమ మిట్ట ఉండుట. మిట్ట ఎత్తైన కొలది నీరు నిలుచు తావు తగ్గును. సంత నడుమ వేదిక కట్టి, దానిమీద పెద్దలను కూర్చుండబెట్టి, మూడు గంటలు ఉపన్యాసములు చెప్పించుట ఇట్టిదే. అంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. సహాయము పొందువారిని ఆ వేదికపైకి పిలిచి, చేతికి కవరు ఇచ్చుచు ఫోటో తీయించి, ఆ ఫోటోను ఫోనులలో ఊరంతకు పంపుట. అయిదు వేల రూపాయలకు ఒక మనిషి తన ముఖమును ఊరికి అమ్ముకొనవలసి వచ్చినచో అది ధర్మమగునా? 1877లో సిగ్గుపడి శిబిరమునకు రాని కుటుంబములను వెదకి పోయినారని ముందు చెప్పితిని. మనము అట్టివారిని మరల ఇంటిలో దాగునట్లు చేయరాదు. ఇచ్చినవారి పేర్లు గోడపై వ్రాయుడు. పుచ్చుకొన్నవారి పేర్లు వ్రాయకుడు. ఎన్ని కుటుంబములకు, ఏ అవసరమునకు, ఎంత అన్న లెక్క చాలును. పేర్లుగల పుస్తకము సంఘమువారి వద్ద మాత్రమే ఉండి, తనిఖీ చేయు ఇద్దరికి చూపబడవలెను.

అయిదవ దోషము నీరు కొంచెము, ఆయకట్టు ఎక్కువ. నలుబది వేల రూపాయలు వచ్చినవి. అందరును సంతోషింపవలెనని నాలుగు వందల ఇండ్లకు నూరేసి పంచితిరి. ఎవరి కష్టమును తీరలేదు. ఆరవ దోషము దీనికి ప్రతి: నేల కొంచెము, నీరు ఎక్కువ. వచ్చినదంతయు కనబడిన ఒక్క ఇంటికే పోసి, లేదా ఏమి చేయవలెనో తేల్చక బ్యాంకులో ఏండ్లతరబడి ఉంచి, ఆవలివారిని ఎండగట్టుట. ఈ రెంటికిని మందు ఒకటే. సంతకు ముందే ఈ యేటి అవసరములను లెక్కించవలెను. ఏడెనిమిది కుటుంబములకు నిజముగా అక్కరకు వచ్చు మొత్తమెంతయో నిర్ణయించి, ఆ మొత్తమునకే సంత పెట్టవలెను. అనుకొనని ఆపదకై ఒక భాగము నిలువ ఉంచి, మిగిలినది మూడు నెలలలోపల చేరవలసినవారికి చేర్చవలెను.

ఇక ప్రాణములకు సంబంధించిన హెచ్చరిక. పారిసు నగరమున 1885 మొదలు సంపన్న కుటుంబములవారు ఏటేటా ఒక ధర్మబజారు నడుపుచుండిరి. 1897 మే 4వ తేదీన ఆ బజారు మంటలలో చిక్కినది. కొయ్యతోను, గుడ్డతోను కట్టిన పెద్ద సావడి. అందులో అప్పుడు వింతగానున్న చలనచిత్ర ప్రదర్శన. ఆ యంత్రపు దీపమునకు వాడిన ఈథరు అంటుకొన్నది. బయటకు పోవు దారులు చాలలేదు. 126 మంది మరణించిరి. వారిలో ఎక్కువమంది ధర్మము చేయవచ్చిన స్త్రీలు. మన దేశముననే 1995 డిసెంబరులో హర్యానాలోని డబ్వాలీలో పాఠశాల ఉత్సవపు పందిరి అంటుకొని నాలుగు వందలమందికి పైగా మరణించిరి. మన ఎండలకు ఎండిన తాటాకు, కొబ్బరాకు, షామియానా గుడ్డ ఎంతలో అంటుకొనునో మీకు తెలియును. వంటపొయ్యిలు, గ్యాసు సిలిండర్లు పందిరికి దూరముగా గాలివాలు చూచి పెట్టుడు. పందిరికి మూడు వైపుల దారులు విడువుడు. నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బొక్కెనలు చేతికందునట్లు ఉంచుడు. కరెంటు తీగలు తెలిసినవానిచేతనే వేయింపుడు.

సంతకు కాలము కోతలు ముగిసి చేత రూపాయలాడు దినములు. సంక్రాంతికిని ఉగాదికిని నడుమ ఒక ఆదివారము మేలు. అప్పటికి క్రొత్త చింతపండు, ఎండుమిరప, కందులు, చెనక్కాయలు ఇండ్లలో ఉండును. ఎండ ఇంకను ముదురదు. వేసవి ఆపదలకు నిధి ముందుగనే సిద్ధమగును.

లెక్కను గూర్చి నాలుగు మాటలు చెప్పి ముగింతును. పంచాయతీ నిధి వేరు, ధర్మనిధి వేరు. ఒకదానిలోనిది మరియొకదానిలో కలుపరాదు. ధర్మనిధికి వేరుగా సంఘము, వేరుగా బ్యాంకు ఖాతా, ముగ్గురిలో ఇద్దరి సంతకములు ఉండవలెను. రసీదు పుస్తకములకు వరుస సంఖ్యలు వేయవలెను. వాడని రసీదులను కూడ లెక్క చూపవలెను. హుండీని పదిమంది ఎదుట ఆ సాయంత్రమే విప్పి, లెక్కించి, కాగితముపై సంతకములు చేయవలెను. ఫోను ద్వారా వచ్చు సొమ్ము సంఘపు ఖాతాకే రావలెను. ఎవరి సొంత ఖాతాకును రారాదు. వారము తిరుగకముందే జమాఖర్చులు పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపవలెను. మూడు నెలల పిమ్మట ఏ అవసరమునకు ఎంత చేరినదో గ్రామసభలో చదువవలెను. చదివినది విని ఒక సామాన్య స్త్రీ లేచి ప్రశ్న అడిగినచో కోపగింపక సమాధానము చెప్పవలెను. ఆ ప్రశ్న అడుగు ధైర్యము ఆమెకు ఉన్నంతవరకే మరుసటి ఏడు ఆమె తన ఊరగాయ జాడీతో సంతకు వచ్చును.

మొదటి ఏట వచ్చు సొమ్ము కొంచెమే కావచ్చును. పది వేలు మిగిలినను నిరుత్సాహపడకుడు. ఆ పది వేలతో ఇద్దరు రోగుల ప్రయాణపు ఖర్చులు ఒక వేసవి గడచినను, ఆ మాట ఊరిలో తెలిసినను, రెండవ సంత దానంతట అదే పెరుగును. మొదటి ఏట లక్ష వచ్చి లెక్క తేలకపోయినచో మాత్రము రెండవ సంత ఉండదు. ఆ తరువాత పదేండ్లు ఎవరు ఏ మంచిపనికి చేయి చాచినను ఊరు నమ్మదు.

మీ మీ గ్రామసభలలో ఈ విషయమును చర్చింపుడు. ముందుగా ధనమును గూర్చి కాక, ఈ యేడు మన ఊరిలో అడుగలేక ఊరకున్న ఇండ్లు ఎవ్వి అని ఒకరినొకరు అడుగుడు. ఆ ఇండ్ల లెక్క తేలిన నాడు సంత ఎంత పెద్దది కావలెనో మీకే తెలియును. ఆ పనికి మీరు పూనుకొందురని ఆశించుచున్నాను.